మెరుపు తాగే క్రీము

మా వదిన కలొలైనే మా దీవుల రాజధాని నుకుఅలోఫా బజార్లో సబ్బులూ క్రీములూ ఉండే కొట్లో పనిచేస్తుంది. అమ్ముతుంది అనడానికి మాత్రం నాకు నోరు రాదు. ఎవరైనా కొట్లోకొచ్చి మొహానికి రాసుకునే డబ్బా ఒకటి చేతిలోకి తీసుకున్నారంటే చాలు, ఆవిడ బల్ల వెనక నుంచి లేచి వచ్చి డబ్బా లాక్కుని, చెయ్యి బారుగా చాపి, వెనకవైపున్న చీమలంత అక్షరాలు చదవడం మొదలుపెడుతుంది. కళ్ళద్దాలు కొనుక్కోమని ఎన్నేళ్ళుగానో పోరుతున్నాం, వినదు. చదవడం అయ్యాక డబ్బా తిరిగిస్తూ, "ఇందులో ముప్పాతిక నీళ్ళే. నీళ్ళు మీ ఇంట్లో లేవా?" అని అడుగుతుంది.

"ముందు రాసింది ఎక్కువ, చివర రాసింది తక్కువ. అలా రాయాలని రూలు. ఇదిగో, డబ్బా ముందు ఇంత కొబ్బరికాయ బొమ్మ. వెనక్కి తిప్పితే కొబ్బరి పేరు అట్టడుగున ఉంది. కొబ్బరి ఉందా అంటే ఉంది, నువ్వు సముద్రంలో ఉమ్మితే నీ ఉమ్ము ఉన్నట్టు."

అలాగని క్రీములంటే పగా ఏమీ లేదు. ఒకసారి పాస్టరుగారి భార్య వచ్చి, మందులూ గిందులూ ఏమీ కలపనిది ఇమ్మంది. వదిన ఆవిణ్ణీ వదల్లేదు. "నీళ్ళున్న చోట బూజు పడుతుంది. పట్టకుండా ఏదో ఒకటి వెయ్యాల్సిందే. ఏమీ వెయ్యలేదని రాసుంటే ఆ డబ్బా అసలు ముట్టుకోవద్దు, వారం తిరిగేసరికి మొహం మీద పుట్టగొడుగులు రాసుకుంటావు" అంది. మరొకామె చంకలో పిల్లని వేసుకొచ్చి, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయంటే, ఆ పిల్లకి వాడే నాలుగు సీసాలూ చూసి, "సువాసన అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. ఆ మాట వెనక ఎన్ని సరుకులు దాక్కున్నాయో వాళ్ళకే తెలియాలి. ఇవన్నీ ఆపి ఉత్త పెట్రోలియం జెల్లీ రాయి, తగ్గకపోతే ఆసుపత్రికి పో" అని పంపేసింది. ఉన్నవాటిలో అదే చవక సరుకు. కొట్టు యజమానురాలు లియాంగమ్మ ఇదంతా చూస్తూనే ఉంటుంది. అయినా తీసెయ్యదు. వద్దన్నది కొనరు గానీ, వదిన కొనమన్నది ఊరూరి నుంచీ వచ్చి కళ్ళు మూసుకుని కొంటారు.

ఇవన్నీ ఆవిడ కోపంగా చెప్పదు, నవ్వుతూనూ చెప్పదు. ఎన్నింటికి బస్సు అంటే ఇన్నింటికి అని చెప్పినట్టు చెబుతుంది. ఒకసారి మా పెరట్లో పొయ్యి గుంటలోంచి కాలిన రాయి ఒకటి ఉత్త చేత్తో తీసేసింది. నేను కెవ్వుమన్నాను. ఆవిడ అరచేయి తిప్పి చూసుకుని, "కాలినట్టుంది" అంది, వేరెవరి చెయ్యో అన్నట్టు.

ముందు నుంచీ ఇలా ఉండేది కాదు. నేను కెపుని చేసుకుని ఈ ఇంటికొచ్చినప్పుడు ఈవిడ నవ్విందంటే పక్క తోటలో పందులు లేచి పరిగెత్తేవి. నాకు ఈవిడంటే హడలు. మా దగ్గర ఇంటికి మగవాడు పెద్దయితే, ఆ మగవాడికి అక్క పెద్ద. లతాయిని కన్నదాన్ని నేనే, పెంచినదాన్ని నేనే, కానీ దాని జుట్టు కత్తిరించాలన్నా మేనత్త సరే అనాలి. వదిన వస్తుందంటే నేను ఇంట్లో ఉన్న మంచి చాప పరిచి, చేపలో మంచి ముక్క పెట్టి, దూరంగా గోడకి ఆనుకుని కూచునేదాన్ని. పోయేటప్పుడు ఆవిడ, "చాప బాగుందే పిసిలా" అని దాన్ని చుట్టుకుని చంకలో పెట్టుకుని పోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది. కిక్కురుమంటే మా ఆయన ఊరుకోడు. నేను నేసిన చాపలు ఆవిడ ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత మొగుడితో ఆక్లాండ్ వెళ్ళిపోయింది. అక్కడ ఒంటికి రాసుకునే క్రీములు సీసాల్లో నింపే ఫ్యాక్టరీలో పని. మొగుడు కొన్నాళ్ళుండి వేరే ఆవిడతో పోయాడు. ఆ కబురు కూడా ఫోన్లో నవ్వుతూనే చెప్పింది, పీడ విరగడైందని. కూతురు ఎమెలి ఉంది కదా, ఇంకేం కావాలంది.

ఎమెలి మా లాగే మంచి నలుపు. అక్కడి పిల్లలు ఏమన్నారో ఏమో, శనివారం సంతలో ఎవరి దగ్గరో చిన్న డబ్బా కొనుక్కుని తల్లికి తెలియకుండా రాసుకోవడం మొదలెట్టింది. డబ్బా మీద పేరు లేదు, వెనక రాత లేదు. పిల్ల మొహం రంగు తేలింది. వదిన సంబరపడిపోయింది. "నీ మేనకోడలు ఎంత తెల్లబడిందో తెలుసా? ఇక్కడి గాలి అలాంటిదే" అని ఫోన్లో మా ఆయనతో చెబుతుంటే నాకు వినబడింది. నాకు కుళ్ళు కూడా పుట్టింది, ఎందుకు దాచాలి. తర్వాత ఆ పిల్లకి కాళ్ళు వాచాయి, కళ్ళు వాచాయి. కిడ్నీలు అన్నారు. వాడేవన్నీ తీసుకురండి అని డాక్టర్లు అడిగితే అప్పుడు బయటపడింది డబ్బా. అందులో పాదరసం ఉందన్నారు. అప్పటికే చెయ్యి దాటిపోయింది.

పిల్లని పెట్టెలో పెట్టి విమానంలో ఇంటికి తీసుకొచ్చింది. మేమంతా నల్లబట్టలు కట్టుకుని, చావుకి కట్టే చిరుగుల చాపలు నడుముకి చుట్టుకుని, గొంతులు పోయేలా ఏడ్చాం. వదిన ఏడవలేదు. పిల్ల తల దగ్గర కూచుని ఉండిపోయింది. నేను మంచినీళ్ళు తీసుకెళ్తే, నా వైపు చూడకుండానే, "దాని మీద ఏమీ రాసి లేదు పిసిలా. నేను సీసాలు నింపే ఫ్యాక్టరీలోనే పనిచేశాను, ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు" అంది. అంతే. తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆక్లాండ్ తిరిగి వెళ్ళలేదు. చాపలు పట్టుకుపోవడం మానేసింది. అది మానేసినందుకు నేను సంతోషించాలి. ఎందుకో నాకు చేతకాలేదు. ఒకసారి వచ్చినప్పుడు మంచి చాప ఒకటి నేనే చుట్టి ఇస్తే, "ఎందుకు?" అని అక్కడే పెట్టి పోయింది.

ఇప్పుడు లతాయి సంగతి.

మా చర్చి హాలు కప్పు తుఫానుకి ఎగిరిపోతే పైన టార్పాలిన్లు కట్టి నెట్టుకొస్తున్నాం. కొత్త కప్పు కోసం విరాళాల పండగ పెట్టారు, శనివారం మధ్యాహ్నం. పాటలు, విందు, చివర్లో నాట్యం. ఈసారి ఆ నాట్యం, తౌఒలుంగా, మా లతాయి ఆడాలన్నారు. ఇరవై ఏళ్ళ పిల్ల, నర్సు చదువుతోంది, పట్నంలో ఉంటోంది. ఒంటరిగా అంతమంది ముందు నిలబడి ఆడాలి. మేమంతా ఒక్కొక్కరం లేచి వెళ్ళి, నూనెతో నిగనిగలాడే ఆ చేతులకీ భుజాలకీ నోట్లు అంటిస్తాం. డబ్బు చర్చికి, పేరు పిల్లకి. పేరంటే ఉత్త పేరు కాదు. ఒంటి మీద నూనె అద్దంలా మెరిస్తే పిల్ల మగవాడి పొడ ఎరగనిదని లెక్క. మెరవకపోతే ఆ పిల్ల సంగతి ఇంక ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మ అలా అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను.

నూనె రాసే హక్కు మేనత్తది. వదినే కొబ్బరి కోరి, పాలు పిండి, ఎండబెట్టి, గంధం చెక్కా పువ్వులూ వేసి నూనె తీసింది. హాలు వెనక గదిలో లతాయికి నార బట్ట కట్టి, ఆకుల దండలు చుట్టి, తలలో ఈకలు పెట్టాం. వదిన నూనె పోసి భుజం మీద చెయ్యి వేసింది, ఆగింది.

"ఏం రాసుకున్నావే?"

"ఏం లేదత్తా."

"చర్మం జారుతోంది."

"స్నానం చేశాగా."

వదిన ఇంకో మాట అడగలేదు. మామూలుగా అయితే అడిగి, బుర్ర తినేసేదే. ఆ రోజు ఎమెలి గుర్తొచ్చిందో ఏమో, కిటికీ లోంచి చూస్తూ నూనె రాస్తూ పోయింది. ఇంతలో బయట గిటార్లు అందుకున్నాయి, పిల్ల వెళ్ళిపోయింది.

ఆట బాగా ఆడింది, అది చెప్పాలి. వేళ్ళు ఎంత మెత్తగా తిరిగాయో, తల ఎంత నెమ్మదిగా వాల్చిందో. కానీ చేతులు మెరవలేదు. నూనె ఒక చోట నిలవకుండా చుక్కలు చుక్కలుగా చేరి జారిపోతోంది. మోచేతుల దగ్గర బూడిద రంగు మడ్డి ఉండలు కట్టింది. కిటికీ లోంచి వెలుతురు తిన్నగా మీద పడుతోంది, అయినా పిల్ల ఒళ్ళు పిండి చల్లినట్టే ఉంది. మా తమ్ముడు మొదటి నోటు అంటించాడు. అది జారి కింద పడింది. రెండోది అంటించాడు, అదీ పడింది. వాడు వంగి తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇంక ఎవరూ లేవలేదు.

ముందు వరసలో సెలువైయా కూచుని ఉంది. వదిన ఈడుది. పెళ్ళి చేసుకోలేదు, వయసులో ఉండగా ప్రతి పండక్కీ ఆమే ఆడేది, ఆమె మెరిసినట్టు ఇంకెవరూ మెరవలేదని ఆమే చెబుతుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కావిడతో, "పాపం కెపు. పట్నం పంపి చదివించుకున్నాడు" అంది. అడ్డం పెట్టుకున్న చెయ్యి ఎందుకో, హాలంతా వినబడింది. మగవాళ్ళు తాగే కావా కషాయం గిన్నె దగ్గర కూచున్న మా ఆయన లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు. పండక్కని నడుముకి చుట్టుకున్న చాప ఊడిపోతున్నా పట్టించుకోలేదు.

నాకు తల తీసేసినట్టయింది. వెనక గదిలోకి వెళ్ళాను. లతాయి ఈకలు తీసేసి గోడ వైపు తిరిగి నిలబడింది. ఇవతలికి తిప్పి చెంప మీద ఒక్కటిచ్చాను.

"ఎవడు?"

అది మళ్ళీ గోడ వైపు తిరిగింది.

"నిన్నే. ఎవడే వాడు? మీ నాన్న ఇంక చదువు మాన్పించి నిన్ను దూరపు దీవిలో, హాపయ్‌లో మీ పెదనాన్న దగ్గర పడేస్తాడు, తెలుసా? అక్కడ సముద్రపు గవ్వలు ఏరుకుంటూ చావాలి. చెప్పు!"

వదిన ఎప్పుడొచ్చిందో, నన్ను పక్కకి జరిపి పిల్ల చెయ్యి పట్టుకుంది. బొటనవేలితో రుద్దింది. వేలికి అంటిన ఉండని నలిపి, వాసన చూసింది.

"ట్యూబు ఎక్కడ?"

లతాయి సంచీలోంచి తీసి ఇచ్చింది. ఆక్లాండ్ నుంచి మా చెల్లెలు ఓడలో పంపిన సరుకుల డ్రమ్ములో మాంసం డబ్బాల మధ్య వచ్చింది అది. చేతుల మీద దోమ కుట్టిన మచ్చలు కనబడకుండా ఉంటుందని రాసుకుందట. అత్తకి చెబితే లాక్కుంటుందని చెప్పలేదట. వదిన ట్యూబు దూరంగా పెట్టి, పెదాలు కదుపుతూ చదివింది.

"దీన్ని ఒంటికంతా పట్టించావా?"

"ఊఁ."

వదిన నా వైపు తిరిగింది. "ఇందులో మొదటిది సిలికోను. పల్చటి రబ్బరు చొక్కా తొడిగినట్టు ఒంటి మీద నిలుస్తుంది, నూనెని లోపలికి రానివ్వదు. దీనికి తోడు ఇసకని పిండి చేసి కలిపారు, పైనున్న నూనెని అది తాగేస్తుంది. దీని పనే అది. ఒళ్ళు మెరవకుండా చెయ్యడం."

"మెరవకుండా ఉండటానికి డబ్బులు పోసి కొంటారా? ఎవరు కొంటారు వదినా?"

"ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "సరే, మీరూ నేనూ నమ్మాం. వాళ్ళు నమ్మద్దూ? మీరిప్పుడు హాల్లోకి వెళ్ళి ట్యూబు వెనక రాసింది చదివితే ఎవరు వింటారు? ఇంకా నవ్వుతారు."

"నేను చదవను" అంది వదిన. నూనె సీసా ఒక చేత్తో, ట్యూబు ఇంకో చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

హాల్లో పాస్టరుగారు ఏదో ప్రకటన చేస్తున్నారు. వదిన ఆయన్ని దాటుకుని వెళ్ళి ముందు వరసలో, సెలువైయా ఎదురుగా, నేల మీద కూలబడింది.

"సెలువైయా, చొక్కా చేతులు పైకి మడువు."

"ఎందుకే?"

"నూనె రాయాలి."

"నాకా? ముసలిదాన్ని, నేనేం ఆడతాను? నీకేమైనా పిచ్చా?"

"ఈ ఊళ్ళో అందరి కంటే నికార్సయిన చేతులు నీవే కదా. నువ్వే చెబుతుంటావు."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సెలువైయా అటూ ఇటూ చూసింది. చేతులు ఇవ్వనంటే ఒక మాట పడాలి, ఇస్తే ఏమవుతుందో తెలియదు. ఇరుక్కుపోయింది పాపం. నాకు ఆమె మీద జాలి కలగాలి, కలగలేదు. చివరికి రెండు చేతులూ చాపింది. వదిన కుడిచేతికి ట్యూబులోది పూసింది, ఎడమచేతికి ఏమీ పూయలేదు. ఆరడానికి కాసేపు పట్టింది. అంతసేపూ హాలు మొత్తం గుడ్లప్పగించి కూచుంది. పాస్టరుగారు ప్రకటన ఆపేసి తనూ మెడ చాచారు. ఆరాక రెండు చేతులకీ ఒకే సీసాలోంచి నూనె పోసి రాసింది.

"లే. కిటికీ దగ్గర నిలబడి చేతులెత్తు."

సెలువైయా లేచి ఎత్తింది. ఎడమచెయ్యి నిగనిగలాడింది, ఆ వయసులో కూడా. కుడిచెయ్యి మా లతాయి చెయ్యే. అదే పిండి, అవే చుక్కలు, మోచేతి దగ్గర అవే ఉండలు.

అప్పుడు కావా గిన్నె దగ్గర నుంచి ముసలి తొంగా, మా చేపల తొంగా, తాపీగా అడిగాడు.

"సెలువైయా, ఆ ఒక్క చెయ్యీ ఎవరికిచ్చావే?"

హాలు పగిలిపోయింది. కొత్త కప్పు వెయ్యకముందే పాత గోడలు కూలతాయేమో అనిపించింది. ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. పాస్టరుగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. సెలువైయా ఆ నూనె చేత్తోనే తొంగాని కొట్టడానికి వెళ్ళి, దారిలో తనే నవ్వాపుకోలేక ఆగిపోయింది. "ఈ దిక్కుమాలిన ట్యూబు ఎవరు తెచ్చార్రా? ఆ పిల్లని మళ్ళీ పిలవండి!" అని అరిచింది. అంతమందీ నవ్వుతుంటే వదిన ఒక్కతే మూత వెతుక్కుని ట్యూబుకి పెట్టుకుంటోంది.

దాన్ని వదిలించడానికి సబ్బు చాలదట. ముందు నూనె పెట్టి గట్టిగా రుద్ది, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బు పెట్టి, మళ్ళీ అదంతా మొదటి నుంచీ చెయ్యమంది వదిన. చేశాం. పిల్ల మళ్ళీ హాల్లోకి వెళ్ళింది. ఈసారి కిటికీ ముందుకి రాగానే భుజాలు తళుక్కుమన్నాయి. జనం తోసుకుంటూ లేచారు. సెలువైయా అందరి కంటే ముందు నోటు అంటించింది. మా ఆయన ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు, అంత మనిషీ. నేను తల్లిని కదా, పక్కన చేరి కోతి గంతులు వేసి అందరినీ నవ్వించాలి, అది మా పద్ధతి. వేశాను. కాళ్ళు వాటంతటవే గెంతాయి. లోపల మాత్రం ఏమీ లేదు. పిల్ల పేరు నిలబడింది, మొగుడు తలెత్తుకున్నాడు, సంతోషించాలి అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. పిల్ల చెంప మీద నా వేళ్ళు పడ్డ చోట నూనె ఇంకా ఎక్కువ మెరుస్తోంది.

విందు అయ్యాక తట్ట నిండా ఎంగిలి కంచాలు వేసుకుని వెనకాల వాననీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. ఇంకా వెలుతురుంది. ట్యాంకుకి అవతల కుళాయి దగ్గర వదిన లతాయికి నూనె తుడుస్తోంది. నేను ఇవతల ఉన్నాను. పిల్ల గొంతు వినబడి ఆగాను.

"అత్తా, నీకొకటి చెప్పాలి."

"చెప్పు."

"వాళ్ళనుకున్నది అబద్ధం కాదు."

తడిగుడ్డ రుద్దుతున్న చప్పుడు ఆగలేదు.

"కాలేజీలో ఒకబ్బాయి. నా ఇష్టంతోనే అత్తా, బలవంతమేం లేదు. ఇందాక మెరవకపోతే, అది క్రీము వల్ల అని నాకు తట్టనే లేదు. నా ఒళ్ళే చెప్పేసిందనుకున్నాను. అమ్మ కొడితే, న్యాయమేలే అనుకుని ఊరుకున్నాను. రెండోసారి వెళ్ళేటప్పుడు, ఈసారి కూడా మెరవదు, అత్త పరువు కూడా పోతుంది అనుకున్నాను. మెరిసింది. ఎందుకు మెరిసిందత్తా?"

వదిన గుడ్డ పిండుకుంది. "ఆ నూనె నేనే తీశాను. కొబ్బరి, గంధం చెక్క, పువ్వులు. ఇంకేం వెయ్యలేదు. అందులో నీ సంగతి తెలిసిన సరుకు ఏదీ లేదు."

"మరి సెలువైయా పెద్దమ్మ..."

"ఆమె సంగతీ దానికి తెలియదు."

"నీకు ముందే అనుమానం వచ్చిందా?"

"నాకెందుకు? నేను ఒంటి మీద ఏం రాసుకున్నావనే అడిగాను."

"అమ్మకి చెప్పాలా?"

"మీ అమ్మ ట్యాంకు వెనకే ఉంది" అంది వదిన, అదే గొంతుతో. "తట్ట పట్టుకుని."

నాకు కోపం రావాలి. ఇంకో చెంప వాయించాలి, చదువు మాన్పించాలి, ఇంటికెళ్ళి మొగుడితో చెప్పాలి. తట్ట బరువుగా ఉంది. ఇరవై ఏళ్ళు పెంచిన పిల్లని ఒక్క మాట అడక్కుండా, ఒక సీసా నూనెని నమ్మి కొట్టాను. ఇప్పుడు నిజం చెప్పింది ఆ పిల్లే. నూనె అప్పుడూ ఏమీ చెప్పలేదు, ఇప్పుడూ ఏమీ చెప్పలేదు. ట్యాంకు చుట్టూ తిరిగి వెళ్ళాను. లతాయి నన్ను చూసి వెనక్కి ఒక అడుగు వేసింది.

తట్ట కింద పెట్టాను. వదిన తడిగుడ్డ నా చేతికిచ్చి, కంచాల తట్ట తను తీసుకుని కుళాయి కింద కూచుంది. నేను చెయ్యి చాపితే లతాయి కాసేపు చూసి, రెండో చెయ్యి అందించింది. మణికట్టు నుంచి భుజం దాకా తుడిచాను. ఎవడని అడగలేదు. గుడ్డ ఇంకోవైపు మడిచి మొహం కూడా తుడుస్తూ, చెంప నొప్పెడుతోందా అని అడిగాను.

"ఊఁ" అంది. "చాలా."